మామూలు కెమెరాతో కెన్యా సఫారీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆరేళ్లుగా నైరోబీలో ఉంటున్నాం. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో మా ఇంటికి వచ్చే చుట్టాలు, స్నేహితులు విమానం దిగిన రాత్రే, భోజనాల దగ్గర కెమెరా సంచిలోంచి తీసి "దీంతో సింహం ఫోటో వస్తుందా?" అని అడుగుతారు. లక్షల రూపాయల లెన్సు లేకపోతే సఫారీ ఫోటోలు రావన్న బెంగ చాలామందిలో చూశాను. ఆ బెంగతో ఉన్న కెమెరాను కూడా సరిగ్గా వాడుకోకుండా వెళ్లిపోయినవాళ్లనీ చూశాను. అందుకే ఇన్నేళ్లుగా చెబుతూ వస్తున్న జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను. నా దగ్గర ఉన్నది పాత నికాన్ డీఎస్ఎల్ఆర్ (లెన్సు మార్చుకోగలిగే కెమెరా), 70-300 ఎంఎం జూమ్ లెన్సు. ఇక్కడ రాసిందంతా దాంతో నేర్చుకున్నదే.

నా దగ్గర మామూలు కెమెరానే ఉంది. సఫారీకి సరిపోతుందా?

సరిపోతుంది. కెన్యా పార్కుల్లో జంతువులకు వాహనాలు కొత్త కాదు. పుట్టినప్పటి నుంచి వాటిని చూస్తూ పెరిగిన సింహం, మీ బండి నీడలోకే వచ్చి పడుకుంటుంది. మన నల్లమలలో పులి కోసం రోజులు తిరిగినా పాదముద్ర తప్ప కనిపించకపోవచ్చు. కెన్యాలో పేరున్న వన్యప్రాణుల పార్కు మసాయి మారాలో అలా కాదు. అక్కడ ఉన్నది గడ్డి మైదానం, కంటికి అడ్డం తక్కువ.

ఒక్క విషయం ముందే ఒప్పుకుంటే మంచిది. పెద్ద లెన్సు ఉన్నవాళ్లు తీసే ఫోటో, అంటే ఫ్రేమంతా సింహం మొహమే ఉండే ఫోటో, మనకు అరుదుగా వస్తుంది. దాని వెంట పడితే నిరాశే. మన కెమెరాకు బాగా వచ్చేది జంతువూ దాని చోటూ కలిసిన ఫోటో: గడ్డి, ఒంటరి తుమ్మచెట్టు, ఆకాశం, ఆ మధ్యలో ఏనుగు. నిజం చెప్పాలంటే నాకు ఆ ఫోటోలే ఎక్కువ ఇష్టం. మొహం ఒక్కటే కావాలంటే జూలోనూ తీసుకోవచ్చు.

ఎంత జూమ్ ఉండాలి? కొత్తది కొనాలా?

క్రాప్ సెన్సర్ (ఫోటోను పట్టే పలక కాస్త చిన్నది) ఉన్న డీఎస్ఎల్ఆర్‌లో లెన్సు మీద రాసిన అంకె కంటే జూమ్ ఎక్కువగా పనిచేస్తుంది. నికాన్‌లో 300 ఎంఎం లెన్సు 450 లాగా, కానన్‌లో 250 ఎంఎం లెన్సు 400 లాగా చూపిస్తుంది. కెమెరాతో పాటు వచ్చే 55-250 గానీ 70-300 గానీ ఉంటే చాలు.

అసలేమీ లేదు, కొనాలి అనుకుంటే లెన్సు మార్చనక్కర్లేని బ్రిడ్జ్ కెమెరా చూడండి. పానాసోనిక్ ఎఫ్‌జెడ్300 జూమ్ 600 దాకా వెళ్తుంది, చివరిదాకా ఎఫ్/2.8 ఇస్తుంది, అంటే లోపలికి వెలుతురు బాగా వస్తుంది. నికాన్ పీ950 ఏకంగా 2000 దాకా వెళ్తుంది. రెండిట్లోనూ సెన్సర్ చిన్నది, అందుకని మసక వెలుతురులో ఫోటోలో గింజలు (సన్నటి చుక్కలు) కనిపిస్తాయి. ఎండ ఉన్నంతసేపు హాయిగా వాడుకోవచ్చు. దుమ్ములో లెన్సు మార్చే పని తప్పడం పెద్ద సుఖం.

కొన్నా, అద్దెకు తెచ్చుకున్నా ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు చేతిలో ఉండాలి. ఇంటి ముందు కుక్క పరిగెడుతుంటే తీయండి, చెరువు దగ్గర కొంగ ఎగురుతుంటే తీయండి. బటన్లు వేళ్లకు అలవాటు కావాలి. సింహం లేచి నిలబడిన క్షణంలో మెనూ వెతుక్కుంటూ కూర్చుంటే ఆ క్షణం పోతుంది.

నా దగ్గర ఫోన్ ఒక్కటే ఉంది. మరి?

నిరాశపడొద్దు, కానీ ఫోన్ దేనికి పనికొస్తుందో తెలిసి వాడండి. మేఘాలు కమ్ముకున్న మైదానం, రోడ్డు దాటుతున్న ఏనుగుల గుంపు, పొద్దు గుంకేటప్పుడు జిరాఫీ నీడబొమ్మ, ఇవన్నీ ఫోన్‌లో చక్కగా వస్తాయి. దూరంగా ఉన్న చిరుతను వేళ్లతో సాగదీసి తీస్తే మాత్రం రంగు మరకే మిగులుతుంది. బైనాక్యులర్ ఉంటే దాని కంటి అద్దానికి ఫోన్ కెమెరా ఆనించి తీసి చూడండి. కాస్త సాధన చేస్తే ఆశ్చర్యపోయేలా వస్తుంది. మా అత్తగారు డెబ్బై ఏళ్ల వయసులో అలా తీసిన ఖడ్గమృగం ఫోటో మా హాల్లో గోడ మీద ఉంది.

వీడియో కూడా మర్చిపోవద్దు. ఏనుగు గడ్డి పీకే చప్పుడు ఫోటోలో రాదు.

ఏ పార్కులు చిన్న కెమెరాకు అనుకూలం?

అందరూ మారా ఒక్కటే అడుగుతారు. మారా గొప్పదే. కానీ మామూలు లెన్సు ఉన్నవాళ్లకు నేను ముందు చెప్పే పేరు అంబోసెలి. 392 చదరపు కిలోమీటర్లు, చిన్న పార్కు. ఏనుగులు పొద్దున పొడి నేల నుంచి మధ్యలో ఉన్న చిత్తడి నేలల వైపు నడుస్తాయి, సాయంత్రం తిరిగి వెళ్తాయి. ఆ దారి రోడ్లను దాటుతుంది. మీరు కదలకుండా ఆగితే చాలు, ముసలి ఏనుగు ముందు, పిల్లలు మధ్యలో, వరసగా మీ బండి ముందు నుంచే వెళ్తాయి. ఏనుగుల పరిశోధకురాలు సింథియా మాస్ బృందం 1972 నుంచి ఇక్కడి ఏనుగుల్ని ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టి అధ్యయనం చేస్తోంది. అంతకాలంగా మనుషుల్ని చూసిన కుటుంబాలవి. వెనకాల 5,895 మీటర్ల కిలిమంజారో. పర్వతం ఉన్నది టాంజానియాలో, బాగా కనిపించేది ఇక్కడి నుంచి. అయితే తెల్లవారుజామునే చూడాలి, పొద్దెక్కితే మబ్బు కప్పేస్తుంది. ఈ ఫోటోకి పెద్ద లెన్సు అడ్డమే. 50, 70 ఎంఎం చాలు.

రెండోది నకురు సరస్సు. పార్కు చుట్టూ కంచె ఉంది, లోపల తెల్ల ఖడ్గమృగాలు సరస్సు పక్కన బయలులోనే మేస్తుంటాయి. ఫ్లెమింగోల గులాబీ తీరం కోసం మాత్రం ఆశపడి రావొద్దు. గత పదిహేనేళ్లలో నీటిమట్టం బాగా పెరిగి అవి చాలావరకు బొగోరియా వంటి సరస్సులకు తరలిపోయాయి.

కాలినడకన తీయాలనుందా? నైవాషా సరస్సులోని క్రెసెంట్ ఐలాండ్‌కి పడవలో వెళ్లండి. సింహాలు లేని చోటు కాబట్టి జీబ్రాల మధ్య, జిరాఫీల మధ్య నడుస్తూ తీయొచ్చు. నేల మీద కూర్చుని జిరాఫీని కింద నుంచి పైకి తీస్తే, వాన్ కప్పు మీంచి తీసిన వంద ఫోటోల్లో లేని ఎత్తు అందులో కనిపిస్తుంది. పక్కనే హెల్స్ గేట్ పార్కులో సైకిల్ అద్దెకు తీసుకుని తిరగొచ్చు.

నైరోబీలో ఒక్క పూటే ఖాళీ ఉందంటే నైరోబీ నేషనల్ పార్క్. 1946లో ఏర్పాటైంది, దేశంలో మొదటి జాతీయ పార్కు అదే. 117 చదరపు కిలోమీటర్లు. జిరాఫీ వెనకాల ఆకాశహర్మ్యాలు నిలబడి ఉంటాయి. ఏనుగులు మాత్రం ఉండవు.

ఏ నెలలో రావాలి?

వైల్డ్‌బీస్ట్‌లు (గేదె తల ఉన్న పెద్ద జింక లాంటివి) మారా నది దాటడం చూడాలంటే జులై నుంచి అక్టోబర్ మధ్య. లక్షలాది వైల్డ్‌బీస్ట్‌లు, వాటితో జీబ్రాలు టాంజానియాలోని సెరెంగెటి నుంచి వస్తాయి. జనమూ అలాగే వస్తారు. ఖర్చూ ఎక్కువే: విదేశీ యాత్రికులకు మారా ప్రవేశ రుసుము 2024 జులై నుంచి ఏడాది రెండో సగంలో రోజుకు 200 డాలర్లు, జనవరి నుంచి జూన్ దాకా 100 డాలర్లు.

ఫోటోల కోసమైతే నా ఓటు జనవరి, ఫిబ్రవరికి. గడ్డి పొట్టిగా ఉంటుంది, గాలి శుభ్రంగా ఉంటుంది, సింహాలూ చీతాలూ ఏడాదంతా మారాలోనే ఉంటాయి. బడి సెలవుల వల్ల ఏప్రిల్, మేలోనే కుదురుతుందంటే అది వానాకాలమని తెలిసి రండి. బురదలో బండ్లు దిగబడతాయి. కానీ వాన వెలిసిన సాయంత్రం నల్లటి మేఘం కింద పచ్చగడ్డి, దాని మీద పడే ఏటవాలు ఎండ, ఆ వెలుతురు మరే నెలలోనూ దొరకదు.

సెట్టింగులు ఏం పెట్టాలి?

షట్టర్ స్పీడ్‌ని, అంటే కెమెరా ఎంతసేపు వెలుతురు తీసుకోవాలన్నదాన్ని, మీరు పట్టుకోండి, మిగతాది కెమెరాకు వదిలేయండి. డయల్ మీద ఎస్ అని, కానన్‌లో టీవీ అని ఉంటుంది. నిలబడిన జంతువుకు సెకనులో 1/500 వంతు, నడుస్తుంటే 1/1000, పరిగెడుతుంటే 1/2000. ఐఎస్ఓ (తక్కువ వెలుతురునూ ఎంత బాగా పట్టాలన్న అంకె) ఆటోలో పెట్టి పై హద్దు డీఎస్ఎల్ఆర్‌లో 3200 లేదా 6400, చిన్న సెన్సర్ కెమెరాలో 1600 ఇవ్వండి. గింజలు పడతాయని ఐఎస్ఓ తగ్గించి ఫోటో కదిలేలా చేసుకోవద్దు. గింజల్ని ఇంటికొచ్చాక తగ్గించుకోవచ్చు, కదిలిన ఫోటోను ఎవరూ బాగుచేయలేరు.

ఫోకస్‌కు ఒకే పాయింట్ పెట్టుకుని కంటి మీద ఉంచండి. అన్ని పాయింట్లూ కెమెరాకే వదిలేస్తే ముందున్న గడ్డిపోచ మీద ఫోకస్ చేసి వెనకున్న సింహాన్ని మసక చేస్తుంది. మారాలో మొదటి రోజు నా ఫోటోలు సగం అలాగే పోయాయి.

ఇంకొకటి. ఆకాశం ముందున్న పక్షి, చెట్టు మీది చిరుత నల్లగా వస్తుంటే, ప్లస్-మైనస్ గుర్తున్న బటన్ నొక్కి ప్లస్ ఒకటికి జరపండి. ఈ ఒక్క బటన్ నేర్చుకుని వచ్చినా చాలు.

రోజులో ఏ సమయం మంచిది?

భూమధ్యరేఖ పక్కనే కాబట్టి ఏడాది పొడుగునా ఆరున్నర ప్రాంతంలోనే పొద్దు పొడుస్తుంది, సాయంత్రం ఆరున్నర ప్రాంతంలోనే గుంకుతుంది. సూర్యుడు నిటారుగా పైకి లేస్తాడు. బంగారు రంగు ఎండ గంటన్నర కూడా నిలవదు, ఎనిమిదిన్నరకల్లా తెల్లబడిపోతుంది. లాడ్జీలో టిఫిన్ ఏడున్నరకి పెడతారు. అది తిని బయల్దేరితే ఆ రోజు మంచి వెలుతురు పోయినట్టే. ముందు రోజు రాత్రే చెప్పి టిఫిన్ డబ్బాలో కట్టించుకుని, గేటు తెరిచే ఆరింటికి లోపల ఉండండి. చలిగా ఉంటుంది, స్వెటర్ కావాలి. మారా సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైనే ఉంది.

దూరంగా ఉన్నవి నీళ్లలో తేలుతున్నట్టు వస్తున్నాయి. కెమెరా పాడైందా?

కెమెరా బాగానే ఉంది. నేల వేడెక్కి, దాని మీది గాలి కదులుతోంది. మన రోడ్ల మీద మే నెలలో కనిపించే ఎండమావి లాంటిదే. పది దాటాక దూరపు జంతువుల్ని ఎంత పెద్ద లెన్సుతో తీసినా అలాగే వస్తాయి. ఆ సమయంలో దగ్గరున్నవాటినే తీయండి, లేదా పడుకోండి.

స్టాండు తీసుకురావాలా?

వద్దు. వాన్‌లో మూడు కాళ్లు పెట్టడానికి చోటుండదు. దానికి బదులు గింజల సంచి కావాలి. పాత జీన్స్ ప్యాంటు కాలు అడుగున్నర కత్తిరించి, ఒకవైపు కుట్టేసి, రెండోవైపు జిప్పు పెట్టించండి. ఖాళీగా మడతపెట్టి తెచ్చుకోండి, బరువు ఏమీ ఉండదు. మారాకి వెళ్లేటప్పుడు నరోక్ ఊళ్లో బండి ఆగుతుంది, అక్కడ కొట్లో రెండు కిలోల రాజ్మా గింజలు కొని నింపండి. మా మొదటి సంచిని అమ్మ హైదరాబాద్‌లో కుట్టి పంపింది, ఇప్పటికీ అదే వాడుతున్నాను. కిటికీ అంచు మీద పెట్టి, మధ్యలో గుంట చేసి, లెన్సును అందులో కూర్చోబెడితే చంటిపిల్ల ఒళ్లో ఒదిగినట్టు ఒదుగుతుంది. సఫారీ అయ్యాక ఆ గింజలు డ్రైవర్ గారింటికి పంపేస్తాం.

సంచి ఉన్నా ఇంజిన్ నడుస్తుంటే మాత్రం లాభం లేదు, ఆ వణుకు లెన్సుకు చేరుతుంది. బండిలో మిగతావాళ్లు కూడా తీసే క్షణంలో కదలకుండా ఉండాలి. "ఒక్క నిమిషం" అని ముందే అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు.

దుమ్ము సంగతి?

అంబోసెలి అన్న పేరు అక్కడి పశుపోషక తెగ మాసాయి వాళ్ల భాషలో ఉప్పు దుమ్ము అన్న అర్థమున్న మాట నుంచే వచ్చింది. అంత దుమ్ము. బండి కదులుతున్నప్పుడు కెమెరాని దిండు గలీబులో గానీ పాత కాటన్ చున్నీలో గానీ చుట్టి ఒళ్లో పెట్టుకోండి. ప్లాస్టిక్ కవర్లు తేవద్దు: కెన్యాలో 2017 ఆగస్టు నుంచి క్యారీ బ్యాగులు నిషేధం. 2020 జూన్ నుంచి జాతీయ పార్కుల్లోకి ఒక్కసారి వాడి పారేసే నీళ్ల సీసాలు కూడా తీసుకెళ్లకూడదు. లెన్సు మీది దుమ్మును గాలి ఊదే రబ్బరు బుడ్డితో ముందు ఎగరగొట్టి, ఆ తర్వాతే గుడ్డతో తుడవండి. బయట ఉన్నంతసేపు లెన్సు మార్చవద్దు.

డ్రైవర్‌తో ఎలా మాట్లాడాలి?

నా దృష్టిలో లెన్సు కంటే ముఖ్యమైన ప్రశ్న ఇది. ఫోటో రావడం రాకపోవడం సగానికి పైగా ఆయన చేతిలో ఉంది. చాలామంది యాత్రికులు 'బిగ్ ఫైవ్' (సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవి దున్న) లెక్క పూర్తి చేయమని తొందర పెడతారు కాబట్టి, పాపం ఆయనా రేడియోలో ఏది వినబడితే అటు పరుగు తీస్తాడు. మొదటి రోజే చెప్పేయండి: మాకు లెక్క అక్కర్లేదు, ఒక జంతువు దగ్గర ఎక్కువసేపు ఉందాం, ఎండ మన వెనక ఉండేలా ఆపండి, ఆగగానే ఇంజిన్ కట్టేయండి. ఆయన మొహం వెలిగిపోవడం నేను చాలాసార్లు చూశాను. జంతువుల్ని చూడటం ఆయనకూ ఇష్టమే కదా.

నాలుగు స్వాహిలి మాటలు నేర్చుకోండి. 'సిమామా' అంటే ఆగు. 'సుబిరి కిడోగో' అంటే కాస్త ఆగుదాం. 'పోలె పోలె' అంటే మెల్లమెల్లగా. 'అసాంతే' అంటే థ్యాంక్స్. వయసులో పెద్దాయనైతే 'మ్జే' అనండి, మనం పెద్దాయనా అన్నట్టు.

ఇంకాస్త దగ్గరికి వెళ్లమని అడగొచ్చా?

అడగొద్దు. దీని గురించి ఒకటి చెప్పాలి. మూడేళ్ల క్రితం మారాలో ఒక చీతా చెదపుట్ట మీద కూర్చుని ఉంది. పక్కన రెండు పిల్లలు, మెడ మీద ఇంకా బూడిదరంగు నూగు పోలేదు. ఎదురుగా గజెల్ అనే చిన్న జింకల మంద. చీతా పుట్ట దిగి, పొట్ట నేలకు ఆనించి గడ్డిలో కదలడం మొదలుపెట్టింది. నా లెన్సులో అది చిన్నగా కనిపిస్తోంది. "కాస్త ముందుకు పోనివ్వండి" అన్నాను. బండి పది గజాలు కదిలింది. గజెల్‌లు తలెత్తాయి, మంద చెదిరిపోయింది. చీతా కాసేపు అలాగే నిలబడి, తిరిగి పిల్లల దగ్గరికి వెళ్లి పడుకుంది. ఆ పూట వాటికి తిండి లేకుండా చేసింది నేను. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మారా చీతాల మీద 2018లో వెలువడిన అధ్యయనంలో తేలింది ఇది: యాత్రికులు ఎక్కువగా తిరిగేచోట తల్లి ఒక్కో ఈతలో పెంచి పెద్దచేయగలిగిన పిల్లలు సగటున 0.2. తక్కువగా తిరిగేచోట 2.3. ఒక జంతువు దగ్గర ఒకేసారి ఐదు బండ్లకు మించకూడదని, రోడ్డు దిగకూడదని మారాలో నియమాలు ఉన్నది ఇందుకే. ఇప్పటికే బండ్లు మూగి ఉంటే "వద్దు, వేరేచోటికి పోదాం" అని మీరే అనండి. దగ్గరితనం కావాలంటే జంతువు వచ్చే దారి చూసుకుని, అక్కడ ఆగి ఎదురుచూడండి. అప్పుడు దగ్గరికి రావాలా వద్దా అన్నది దాని ఇష్టం.

సింహాలు ఎప్పుడు చూసినా నిద్రపోతున్నాయి. ఏం చేయాలి?

సింహం రోజులో ఎక్కువ భాగం పడుకునే ఉంటుంది. సాయంత్రం ఐదింటి దాకా ఆగండి. చల్లబడగానే ముందు ఒకటి ఆవలిస్తుంది, తర్వాత పక్కది, తర్వాత ఒళ్లు విరుచుకుంటాయి, ఒకదాని మొహం ఒకటి రుద్దుకుంటాయి. మొదటి ఆవలింత కనబడగానే కెమెరా కంటికి ఆనించండి. వెంటనే రెండోది వస్తుంది.

పక్షులు మా లెన్సుకు అందుతాయా?

ఉష్ట్రపక్షి, సెక్రెటరీ బర్డ్, కిరీటం కొంగ లాంటి పెద్దవి సులువుగా అందుతాయి. చిన్నవాటిలో లైలాక్ బ్రెస్టెడ్ రోలర్‌ని వదలొద్దు. దసరా నాడు మనం వెతుక్కుని మరీ చూసే పాలపిట్టకు సొంత చెల్లెలు లాంటిది, ఒకే ప్రజాతి. రొమ్ము వంగపండు ఛాయలో ఉంటుంది, రెక్క విప్పితే అదే నీలం. రోడ్డు పక్క ముళ్లకంప చివర కూర్చుని, పురుగు కోసం కిందికి దూకి మళ్లీ అదే కొమ్మ మీదికి వస్తుంది. కొమ్మ మీద ఫోకస్ పెట్టి ఉంచుకోండి. ఓ అక్టోబర్‌లో ఇక్కడ దసరా చేసుకున్న నాలుగు తెలుగు కుటుంబాలం పొద్దున్నే నైరోబీ పార్కుకి వెళ్లి దీన్నే పాలపిట్టగా చూసుకుని దండం పెట్టుకున్నాం.

చార్జింగ్, మెమరీ కార్డులు?

ఇక్కడ ప్లగ్గు మూడు చదరపు పిన్నులది, బ్రిటన్‌లో లాంటిది. మన చార్జరు పట్టదు, అడాప్టర్ తెచ్చుకోండి. చాలా క్యాంపుల్లో జనరేటర్ కొన్ని గంటలే వేస్తారు. బ్యాటరీలు కనీసం రెండు ఉండాలి. 64 జీబీ కార్డులు రెండు. రాత్రి పూట పనికిరానివి చెరిపేసే పని పెట్టుకోవద్దు, అలసటలో మంచివి పోతాయి.

లగేజీలో ఇంకేం చూసుకోవాలి?

నైరోబీ విల్సన్ ఎయిర్‌పోర్ట్ నుంచి మారాకి చిన్న విమానంలో వెళ్తే చేతి సంచితో కలిపి 15 కిలోలే, అదీ మెత్తటి సంచిలో. బ్యాటరీలు, పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి. డ్రోన్ తేవద్దు, అనుమతి లేకుండా తెస్తే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు.

కెమెరా సంగతి కాకపోయినా ఇది చెప్పకుండా ఉండలేను: ఎల్లో ఫీవర్ టీకా. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకుని ఆ పసుపు కార్డు తెచ్చుకోవాలి. లేకపోతే తిరుగు ప్రయాణంలో మన దేశంలో దిగాక ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. తేదీ ముందే చూసుకోండి, చివర్లో టెన్షన్ పడొద్దు.

మాసాయి వాళ్ల ఫోటోలు తీయొచ్చా?

అడిగి తీయండి. వద్దంటే కెమెరా దించేయండి. ఊరు చూడటానికి రుసుము కట్టి వెళ్లినా, ఇంట్లో వంట చేసుకుంటున్న ఆమెను అడగాల్సిందే. బండి కిటికీలోంచి పశువుల కాపరి పిల్లల్ని దొంగచాటుగా తీయడం నాకు అస్సలు నచ్చదు. మన ఊళ్లో మన పిల్లల్ని ఎవరైనా అలా తీస్తే ఊరుకుంటామా? తీసిన ఫోటో వాళ్లకు చూపించండి. ప్రింటు పంపుతానని మాటిస్తే డ్రైవర్ చేతికిచ్చి తప్పకుండా పంపండి.

ఇంటికొచ్చాక ఫోటోలకి ఏం చేయాలి?

ఫోన్‌లోనే స్నాప్‌సీడ్ లాంటి యాప్ చాలు. వంకరగా ఉన్న నేల గీతను సరిచేయండి, నీడల్ని కాస్త తేల్చండి, అనవసరమైన ఆకాశం కత్తిరించండి. రంగులు మరీ పెంచితే మారా గడ్డి పసుపు కుంకుమలు కలిపినట్టు అయిపోతుంది. వెయ్యి తీసినా ముప్పై ఎంచుకుని చుట్టాలకు చూపించండి.

ఖడ్గమృగం ఫోటోలు నెట్‌లో పెట్టేముందు వాటిలో ఉండే లొకేషన్ సమాచారం తప్పనిసరిగా తీసేయండి. కొమ్ము కోసం తిరిగే వేటగాళ్లకు ఆ అంకెలే దారి చూపిస్తాయి. పార్కు పేరు రాయండి, ఏ వాగు పక్కన, ఏ మలుపులో చూశారో రాయొద్దు.